బెర్నిస్ కోసం మార్చిన ఇంజను

నార్త్ టోనవాండా అనే ఊళ్లో కాలువ గట్టున, హాట్‌డాగుల కొట్టు వెనక, ఒక గడ్డి మైదానం ఉంది. మే నుంచి సెప్టెంబరు దాకా ప్రతి మంగళవారం సాయంత్రం అక్కడ పాత కార్లు చేరతాయి. బానెట్లు ఎత్తిపెట్టి, కారు వెనక మడతకుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్లు తమ ఇంజన్లోకి తొంగిచూస్తుంటే చూడనట్టు నటించడం అక్కడి పద్ధతి. ఎవరైనా రెండోసారి తొంగిచూస్తే మాత్రం కుర్చీలోంచి లేచి రావాలి. లేవనివాడికి తలపొగరని పేరు పడుతుంది.

ఆ మైదానంలో ఎవరి కారు ఎక్కడ నిలపాలో తేల్చేవాడు నార్బర్ట్ పిట్లాక్. వయసు డెబ్భైకి ఒకటి తక్కువ. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉంటాడు. ఆ చొక్కా జేబులో పళ్ల డాక్టర్లు వాడే చిన్న గుండ్రటి అద్దం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఇంజను ముందు భాగంలో ఒక మూల, మామూలుగా చూస్తే కంటికి ఆనని చోట, ఒక నంబరు ముద్ర ఉంటుంది. నార్బర్ట్ వంగి, టార్చి వేసి, అద్దం లోపలికి పెట్టి ఆ నంబరు చదువుతాడు. అది కారు నంబరుతో కలిస్తే ఆ కారు ఫ్యాక్టరీలో పుట్టిన ఇంజనుతోనే ఉన్నట్టు. అలాంటి కార్లకు ముందు వరుస, మేపుల్ చెట్ల నీడ. కలవకపోతే వెనక వరుస. అక్కడ చెట్లు లేవు. రెండు నీలం రంగు మరుగుదొడ్డి డబ్బాలు ఉన్నాయి. ఆ వరుసను జనం దొడ్లవాడ అంటారు.

ఈ నియమం పాతికేళ్ల కిందట నార్బర్ట్ తన చేత్తో రాసిందే. గేటు పక్కన చెక్కపలక మీద ఇప్పటికీ ఉంది. నియమాలు రాసేవాళ్లకు ఒక ధీమా ఉంటుంది, అవి ఎదుటివాళ్ల కోసమేనని. నార్బర్ట్‌కి ఆ ధీమా కాస్త ఎక్కువే.

అతని పిచ్చికి కారణం లేకపోలేదు. పందొమ్మిదో ఏట, నది ఒడ్డున ఉన్న ఇంజన్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు అక్కడే. మొదటి రెండేళ్లు ఒకటే పని. బెల్టు మీద వరసగా వచ్చే ఇంజన్ల పైన బోల్టులు బిగించడం. అరవై తొమ్మిది వేసవిలో నీలం రంగు షెవెల్ కారు కొన్నాడు. దాని ఇంజను మీద పోత పోసిన తేదీ చూశాడు. మార్చి నెల, తను డ్యూటీలో ఉన్న వారం. అంతే, ఆ బోల్టులు బిగించింది తన చేతులేనని తీర్మానించేసుకున్నాడు. ఆ లైను మీద మూడు షిఫ్టులు నడిచేవనీ, షిఫ్టుకి ఆరుగురు అదే పని చేసేవాళ్లనీ అతనికి తెలుసు. అయినా తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ కారులోనే బెర్నిస్‌ని మొదటిసారి బౌలింగ్‌కి తీసుకెళ్లాడు. ఆమె అప్పుడు సంగీత వాయిద్యాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసేది. ఆర్గాన్ల స్వరాలు సరిచూసే పని. చెవి అంటే బెర్నిస్‌దే. ఫ్రిజ్ ఏ శ్రుతిలో గుయ్యిమంటోందో చెప్పగలదు. షెవెల్‌లో ఎక్కిన పదో నిమిషంలో, నీ ఇంజన్లో ఎనిమిది గొంతుల్లో ఒకటి వెనకబడుతోంది అందట. మర్నాడు చూస్తే నిజంగానే ఒక స్పార్క్ ప్లగ్గు పాడైవుంది. ఈ పిల్లని వదులుకుంటే తనంత మూర్ఖుడు ఉండడని నార్బర్ట్ ఆ రోజే అనుకున్నాడు. పిల్లలు పుట్టలేదు. ఆ లోటు ఇద్దరికీ ఉంది, దాని గురించి ఎక్కువ మాట్లాడుకోరు. మంగళవారాలు మాత్రం నలభై ఏళ్లు ఇద్దరూ కలిసే వెళ్లారు. నది పక్క రోడ్డు మీద, కిటికీ దించుకుని, ఆమె మోచెయ్యి బయటికి పెట్టి. మైదానంలో ఆమె కుర్చీ, అతని కుర్చీ, మధ్యలో లోగన్‌బెర్రీ రసం ఫ్లాస్కు.

మూడేళ్ల కిందట బెర్నిస్ ఊపిరితిత్తులకు జబ్బు వచ్చింది. సిగరెట్టు ముట్టిన మనిషి కాదు, ఎందుకు వచ్చిందో డాక్టరు చెప్పలేకపోయాడు. పొగలకూ ఘాటు వాసనలకూ దూరంగా ఉండమన్నాడు. పాత షెవెల్ అంటేనే పొగ, ఘాటు. కార్బురేటర్ ఇంజను సగం పెట్రోలు తాగి సగం ఊస్తుంది. ఆ వేసవిలో ఒక మంగళవారం, వంతెన దాటకముందే ఆమెకు దగ్గు తెర వచ్చి పెదాలు నీలంగా మారాయి. నార్బర్ట్ కారు రోడ్డు పక్కకు తీసి, ఆమెను గడ్డిలో కూర్చోబెట్టి, వీపు నిమురుతూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఆమె షెవెల్ ఎక్కలేదు.

నువ్వు వెళ్లు, నాకేం అని ప్రతివారం పంపేది. అతను వెళ్లేవాడు. తిరిగొచ్చాక గ్యారేజీలోనే చొక్కా విప్పి బకెట్లో నానబెట్టి లోపలికి వచ్చేవాడు, పెట్రోలు వాసన ఆమెకు తగలకూడదని. డిక్కీలో ఆమె కుర్చీ అలాగే ఉండేది. తీసి లోపల పెట్టడానికి చేతులు రాలేదు.

పోయిన అక్టోబరులో డాక్టరు దగ్గర్నుంచి వస్తున్నారు. ఈ ఏడాది ఊపిరి నిలకడగానే ఉంది, వచ్చే ఏడాది సంగతి చెప్పలేను, ఆక్సిజన్ సిలిండరు అవసరం పడొచ్చు అన్నాడాయన. వాళ్ల మామూలు కారులో, కిటికీలు బిగించుకుని, నది పక్కనుంచే వస్తున్నారు.

“నార్బ్, సిలిండరు తగిలించుకోకముందు ఒక్కసారి మన కారులో ఈ రోడ్డు మీద వెళ్లాలనుంది. కిటికీ దించుకుని” అంది.

నార్బర్ట్ సరేనన్నాడు. ఎలాగో అడగలేదు ఆమె. ఎలాగో అతనికీ తెలియదు. నిజానికి తెలుసు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

రెండు వారాలు మింగలేక కక్కలేక తిరిగాడు. ఇప్పటి ఇంజన్లు పెట్రోలును చుక్క లెక్కన తాగుతాయి, పొగను డబ్బాల్లో శుభ్రం చేసి వదులుతాయి. అంటే షెవెల్‌లోంచి యాభై ఏళ్ల ఇంజను దించి, కంప్యూటరు పెట్టిన కొత్త ఇంజను ఎక్కించాలి. పాతికేళ్లుగా ఏ పని చేసినవాళ్లను దొడ్లవాడకు తోలాడో సరిగ్గా అదే పని.

అందరికంటే ఎక్కువగా గుర్తొచ్చినవాడు డ్వేన్ కర్టిన్. ఇళ్లను వెచ్చగా ఉంచే గ్యాసు ఫర్నేసులు బాగుచేసే మనిషి, నార్బర్ట్ కంటే ఇరవై ఏళ్లు చిన్న. ఆరేళ్ల కిందట నారింజ రంగు నోవా కారు తెచ్చి, పక్కన వాళ్లమ్మ ఉందని నీడ చూసి ముందు వరుసలో నిలిపాడు. నార్బర్ట్ అద్దం పెట్టి చూశాడు. నంబరు కలవలేదు. ఈ కారుకి ఒళ్లు ఒకరిది, గుండె ఇంకొకరిది, వెనక్కి తియ్యి అన్నాడు, పదిమంది ముందు. డ్వేన్ తీశాడు. ఆ ముసలావిడ సాయంత్రమంతా ఎండలో కూర్చుంది. అప్పుడు నార్బర్ట్‌కి అందులో తప్పేమీ కనిపించలేదు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ అయిన మర్నాడు పాత ఇంజను దించాడు. చైన్ కప్పీకి వేలాడుతూ అది బయటికొస్తుంటే నార్బర్ట్ ఏడ్చాడు. ఎవరూ లేరు కాబట్టి బాగానే ఏడ్చాడు. దాన్ని స్టాండుకి బిగించి, గ్యారేజీ మూల గోడవైపు తిప్పి పెట్టాడు. తనవైపు చూస్తుంటే పని సాగదని.

వెనకనుంచి ఎవరో గుద్దేసిన ఒక పికప్ ట్రక్కు ఇంజను దొరికింది. ముందుభాగానికి గీత కూడా పడలేదు. శీతాకాలమంతా దానితో కుస్తీ. ఊరికి దగ్గర్లోని సరస్సు మీదనుంచి మంచు వచ్చి గ్యారేజీ తలుపు సగం దాకా కప్పేసిన రోజుల్లో కూడా లోపల హీటరు పెట్టుకుని పనిచేశాడు. కొత్త ఇంజను కాళ్లు పాత చట్రం మీద కూర్చోలేదు. మధ్యన ఇనుప పలకలు కోసి పెట్టాడు. కింద నూనె పళ్లెం అడ్డకమ్మీకి తగిలింది. వేరే పళ్లెం వేశాడు. వైర్ల గుత్తి చూసి మూడు రోజులు దాని జోలికి వెళ్లలేదు. కంప్యూటరు ఉన్నది ఇంజనే కాదు అని నలభై ఏళ్లు వాదించిన మనిషి, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఏ రంగు తీగ ఎక్కడికో కాగితం మీద గీసుకుంటూ కూర్చున్నాడు. సుత్తితో కొట్టి దారికి తెచ్చే వస్తువు కాదది. ఓపిక కావాలి. ఆ ఓపిక తనలో ఉందని డెబ్భై దగ్గరపడ్డాక తెలిసింది.

కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? కొత్త ఇంజనుకు పాతదానిలాగే నారింజ రంగు కొట్టాడు. పైన పాత ఇంజను గుండ్రటి మూత తెచ్చి కూర్చోబెట్టాడు, చూసినవాడికి తేడా తెలియకుండా. ఇక వెనక పెట్రోలు ట్యాంకు. దాన్ని తాకనే లేదు. దాని మీద అరవై తొమ్మిది ఏప్రిల్ తేదీ ముద్ర ఉంది, తుప్పు లేదు. ట్యాంకు మూత నంబర్ ప్లేటు వెనక దాక్కుని ఉంటుంది, అదీ అసలుదే. కొత్త ఇంజనుకు జోరుగా పెట్రోలు అందాలి కాబట్టి కారు అడుగున ఒక పంపు బిగించాడు. ఇంజను తాగినంత తాగి మిగిలింది తిరిగి ట్యాంకులోకి వచ్చేలా గొట్టం వేశాడు. గుండె పోయింది, కనీసం కడుపైనా అసలుది మిగిలింది అని తృప్తి పడ్డాడు.

ఇదంతా బెర్నిస్‌కి తెలియదనే అనుకున్నాడు. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, ఆమె చర్చి హాల్లో కజ్జికాయల్లాంటి పియెరోగీలు చుట్టడానికి వెళ్లిందని నమ్మి, మొదటిసారి ఇంజను స్టార్టు చేశాడు. తాళం తిప్పగానే పలికింది. తలుపు సందులోంచి గొంతు వినిపించింది.

“ఎనిమిదీ ఒక్క గొంతుతో పాడుతున్నాయి. యాభై ఏళ్లలో ఇదే మొదటిసారి.”

కోటు వేసుకుని, మంచులో నిలబడి ఉంది. ఆ రోజు పియెరోగీలు లేవు, ఆమెకు ముందునుంచీ అన్నీ తెలుసు. నవంబరులో చైన్ కప్పీ శబ్దం వింటూనే తెలిసిందట. అడగలేదెందుకు అంటే, అడిగితే ఆపేస్తావని భయం అంది.

మే నెల మొదటి ఆదివారం, చర్చి నుంచి రాగానే బయల్దేరారు. బెర్నిస్ తలకు రుమాలు కట్టుకుంది. కిటికీ దించింది. మోచెయ్యి బయట పెట్టింది. ఇంజను నూనె రాసినట్టు మెత్తగా సాగింది, వెనక అద్దంలో చూస్తే గొట్టంలోంచి పొగ జాడ లేదు. నది మీద ఎండ మెరుస్తోంది. ఆమె ఏదో కూనిరాగం తీసింది.

వంతెన దగ్గర పడుతుండగా కూనిరాగం ఆగిపోయింది. ఆమె ఒకసారి గొంతు సవరించుకుంది. ఇంకోసారి. తర్వాత చేతిసంచీలో ఇన్‌హేలర్ కోసం వెతుక్కుంది. నార్బర్ట్ కారు తిప్పేశాడు.

ఇంటికొచ్చి మామూలు ఊపిరి అందాక, ముందంత ఘాటు లేదు నార్బ్, కానీ ఉంది, పెట్రోలు వాసనే అని చెప్పింది. అతని మొహం చూసి, ఫర్వాలేదులే, వంతెన దాకా వెళ్లాం కదా అని కూడా అంది. ఆ ఓదార్పు అతనికి దెబ్బలాగే తగిలింది. శీతాకాలమంతా చేసిన పని బూడిదలో పోసిన పన్నీరయింది. తన పరువు తీసి గోడవైపు తిప్పి నిలబెట్టినా ఆమెకు ఊపిరి రాలేదు.

రెండు వారాలు వెతికాడు. ప్రతి గొట్టం, ప్రతి బిగింపు, వేలితో తడిమి, ముక్కుపెట్టి చూశాడు. యాభై ఏళ్లు పెట్రోలులో బతికిన ముక్కు అది, దానికి ఏ వాసనా తెలియదు. ఎక్కడా చుక్క కారడం లేదు. ఇంజను తప్పేమీ లేదని తెలుస్తోంది, మరి తప్పు ఎక్కడుందో తెలియడం లేదు. ఇలా మార్చిన కార్లతో కాపురం చేసినవాళ్లు తెలిసినవాళ్లలో ఎవరున్నారని ఆలోచిస్తే, అందరూ తను వెనక్కి తోలినవాళ్లే. అందులో వాసనలు పట్టడమే వృత్తిగా బతికేవాడు ఒక్కడే.

శుక్రవారం పొద్దున డ్వేన్ కొట్టుకి వెళ్లాడు. లోపలికి వెళ్లేముందు కారులో పది నిమిషాలు కూర్చున్నాడు. డ్వేన్ ఏదో మోటారు విప్పుతున్నాడు, తలెత్తి చూశాడు.

“ఏంటి పెద్దాయనా, మీ ఇంటి ఫర్నేసు నంబరు కూడా కలవలేదా?”

నార్బర్ట్ నిలబడే ఉన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బెర్నిస్ జబ్బు, ఇంజను మార్చడం, వంతెన దగ్గర దగ్గు. తర్వాత అన్నాడు.

“నువ్వు పొమ్మన్నా పోతాను. ఆ రోజు మీ అమ్మని ఎండలో కూర్చోబెట్టాను. ఇప్పుడు మా ఆవిడ కోసం నీ గుమ్మం ఎక్కాను.”

డ్వేన్ స్క్రూడ్రైవరు కింద పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“మా అమ్మ మిమ్మల్ని ఏమని పిలుస్తుందో మీకు చెప్పను లెండి” అని, వ్యాను తాళాలు తీసుకున్నాడు.

ఫర్నేసులు చూసేవాళ్ల దగ్గర గ్యాసు లీకు పట్టే పరికరం ఒకటుంటుంది. చేతిలో పట్టేంత పెట్టె, వంగే మెడ. గాలిలో ఆవిరి ఏమాత్రం ఉన్నా కీచుమంటుంది. డ్వేన్ షెవెల్‌ని ఊళ్లో పది మైళ్లు తిప్పి వేడెక్కించుకొచ్చి గ్యారేజీ ముందు నిలిపాడు. బానెట్ ఎత్తాడు. నారింజ రంగూ, పాత మూతా చూసి ఒక్క క్షణం ఆగాడు. పెట్టె మెడను ఇంజను అంతటా తిప్పాడు. నిశ్శబ్దం. కారు కింద గొట్టాల పొడుగునా జరిపాడు. నిశ్శబ్దం. పొగగొట్టం దగ్గర పెట్టాడు. అక్కడా కీచుమనలేదు. తప్పు లేకపోతే బాగుచేసేదేముంది?

డ్వేన్ కారు వెనక్కి వచ్చి నంబర్ ప్లేటు పక్కన పెట్టాడో లేదో, పెట్టె చెవులు పగిలేలా అరిచింది. ఇంట్లోంచి బెర్నిస్ కిటికీ దగ్గరికొచ్చింది.

“ట్యాంకు మార్చలేదా?” అన్నాడు డ్వేన్.

నార్బర్ట్ తల అడ్డంగా ఊపాడు.

“ఎందుకని?”

“దాని మీద ముద్ర ఉంది. అరవై తొమ్మిది ఏప్రిల్.”

డ్వేన్ గడ్డిలో చతికిలబడి నవ్వాడు. ఎగతాళిగా మొదలైన నవ్వు మధ్యలో మెత్తబడింది. తర్వాత నిదానంగా చెప్పాడు. ఆ కాలంలో ఏ కారు ట్యాంకు మూతకైనా ఊపిరి రంధ్రం ఉండేది. అప్పుడు పెట్రోలు చల్లగా పడుండేది కాబట్టి కొంచెమే ఆవిరి. ఇప్పుడు పంపు పంపిన పెట్రోలు ఇంజను వేడి తగిలి, మిగిలింది కాగి కాగి తిరిగి ట్యాంకులోకి వస్తోంది. ఆ ఆవిరంతా మూతలోంచి బయటికొస్తుంది. కారు పరిగెత్తుతుంటే వెనక గాలి సుడి తిరిగి, డిక్కీ పాత రబ్బరు సందుల్లోంచి లోపలికి లాగేస్తుంది. కిటికీ దించితే ఇంకా జోరుగా లాగుతుంది. ఇంజను మార్చినవాళ్లెవరైనా ముందు ట్యాంకు మారుస్తారని, ఇది దొడ్లవాడలో అందరికీ తెలిసిన సంగతేనని కూడా అన్నాడు. ముందు వరుసకి తెలియదంతే.

నార్బర్ట్‌కి తల కొట్టేసినట్టయింది. ఆమె ఊపిరి కోసమని మొదలుపెట్టి, ఆమె వెనకాలే ఒక తేదీని దాచుకున్నాడు. ఆ తేదీయే ఆమెను దగ్గించింది. చేసింది మోసం కాకపోవచ్చు, కానీ దానికి ఇంకో పేరు అతనికి దొరకలేదు.

ఆ మధ్యాహ్నమే వెల్లకిలా పడుకుని ట్యాంకు దించాడు. డ్వేన్ కూడా కిందికి దూరబోతే వద్దన్నాడు, ఇది నేనే విప్పాలి అన్నాడు. పట్టీలు ఊడదీసి, ఛాతీ మీదికి దించుకుని, పక్కకు దొర్లించాడు. ముద్ర వైపు చూడలేదు. వారంలో లోపలే పంపు ఉన్న కొత్త ట్యాంకు వచ్చింది. బిగుతు మూత, ఆవిరిని పట్టుకుని ఇంజనుకే తాగించే బొగ్గు డబ్బా, డిక్కీ చుట్టూ కొత్త రబ్బరు. డ్వేన్ మూడు సాయంత్రాలు వచ్చాడు. బెర్నిస్ వాళ్లకు బీఫ్ సాండ్‌విచ్‌లు చేసి పెట్టింది, ఉప్పురాళ్లు అద్దిన బన్నుల్లో. రెండో సాయంత్రానికి డ్వేన్ పెద్దాయనా అనడం మాని నార్బ్ అనడం మొదలుపెట్టాడు. ఆఖరి రోజు డ్వేన్ కారును మళ్లీ వేడెక్కించి తెచ్చి, ముందునుంచి వెనకదాకా పెట్టె తిప్పాడు. నంబర్ ప్లేటు దగ్గర చాలాసేపు పట్టుకున్నాడు. కీచుమనలేదు.

ఆ తర్వాత వచ్చిన మంగళవారం. బెర్నిస్ రుమాలు కట్టుకుంది, ఇన్‌హేలర్ చేతిలోనే పట్టుకుంది. నార్బర్ట్ బయల్దేరబోతూ బానెట్ ఎత్తి, పాత ఇంజను గుండ్రటి మూత తీసేసి గ్యారేజీలో పెట్టి వచ్చాడు. నది పక్క రోడ్డెక్కారు. వంతెన వస్తుంటే నార్బర్ట్ వేగం తగ్గించాడు. వంతెన వెనకపడింది. కాలువ మలుపు వచ్చింది. అప్పుడు బెర్నిస్ ఇన్‌హేలర్‌ని సంచీలో వేసి, మోచెయ్యి బయట పెట్టి, వంతెన దగ్గర ఆపేసిన కూనిరాగం అక్కడినుంచే అందుకుంది.

మైదానం గేటు దగ్గర స్టాష్ ఉన్నాడు. ఫ్యాక్టరీలో అదే లైను మీద పనిచేసిన స్నేహితుడు. బెర్నిస్‌ని చూసి అతని మొహం వెలిగిపోయింది. మేపుల్ చెట్టు కింద నార్బర్ట్ చోటు ఖాళీగానే ఉంది, ఎవరూ నిలపకుండా ప్లాస్టిక్ శంకువు పెట్టి ఉంచారు. స్టాష్ గబగబా వెళ్లి శంకువు తీసి రమ్మని చెయ్యి ఊపాడు. నీడ చల్లగా పరుచుకుని ఉంది. బానెట్ ఎత్తకపోతే ఎవరికీ తెలియదు. ఒక్క సాయంత్రం, బెర్నిస్ వచ్చిన మొదటి రోజు, నీడలో కూర్చుంటే కొంపలేం మునగవు. నార్బర్ట్‌కి ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం.

కారు అక్కడే ఆపి దిగాడు. బానెట్ ఎత్తాడు. జేబులోంచి అద్దం తీసి స్టాష్ చేతిలో పెట్టాడు.

“చూడు.”

“నీ కారు నేను చూసేదేంట్రా?”

“చూడరా. నియమం అందరికీ ఒకటే.”

స్టాష్ వంగాడు. అద్దం అవసరం రాలేదు. నెమ్మదిగా నిటారయ్యాడు. కారులో ఉన్న బెర్నిస్ వైపు చూశాడు, నార్బర్ట్ వైపు చూశాడు. వెనక వరుస వైపు చెయ్యి చూపించాడు.

షెవెల్ ముందు వరుస మీదుగా, మనిషి నడక వేగంతో, వెనక్కి వెళ్లింది. కుర్చీల్లోని తలలన్నీ దానితోపాటే తిరిగాయి. నార్బర్ట్ చెవులు కాలిపోయాయి. స్టీరింగు వదల్లేదు. డ్వేన్ నోవా పక్కన చోటుంది, నీలం డబ్బాలకు పదడుగుల దూరంలో. అక్కడ నిలిపి, బానెట్ ఎత్తిపెట్టి, డిక్కీ తీసి, మూడేళ్లుగా మడతలోనే ఉన్న బెర్నిస్ కుర్చీ విప్పబోయాడు. మడత బిగుసుకుపోయి ఉంది. మోకాలితో అదిమి తెరిచాడు.

డ్వేన్ వాళ్లమ్మ పెద్ద గొడుగు కింద కూర్చుని ఉంది. ఆరేళ్ల కిందటి ఎండ తర్వాత కొన్న గొడుగు అది. ఆమె నార్బర్ట్ వైపు చూడనైనా చూడలేదు. బెర్నిస్ వైపు మాత్రం తిరిగింది.

“ఇటు జరుగు తల్లీ, ఇద్దరికి సరిపోతుంది. ఆయన్ని ఎండలోనే ఉండనీ.”

బెర్నిస్ గొడుగు కిందికి జరిగి కూర్చుంది. నార్బర్ట్ ఎండలో తన కుర్చీ వేసుకున్నాడు, అది తనకు న్యాయంగా రావాల్సిన ఎండేనని తెలుసు. ఫ్లాస్కు మూత తీస్తుండగా బెర్నిస్ ముక్కు ఎగబీల్చింది. ఇంకోసారి ఎగబీల్చింది. అతని చెయ్యి ఆగిపోయింది.

“ఏంటి? పెట్రోలా?”

“కాదు.” ఆమె నీలం డబ్బాల వైపు చూసింది. “నువ్వు రాసిన నియమం వాసన.”

డ్వేన్ వాళ్లమ్మ పక్కున నవ్వింది. ఆ తర్వాత బెర్నిస్ నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా, ఊపిరి నిండా పీల్చుకుని మళ్లీ మళ్లీ నవ్వింది. నార్బర్ట్ ఫ్లాస్కు పట్టుకుని దగ్గు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. అది రాలేదు. ముందు వరుసలోంచి ఎవరో లేచి వచ్చి షెవెల్ ఇంజన్లోకి తొంగిచూస్తున్నారు. రెండోసారి తొంగిచూశారు. నార్బర్ట్ లేచి వెళ్లలేదు. బెర్నిస్ కప్పులో లోగన్‌బెర్రీ రసం పోసి ఇచ్చి, ఆమె నవ్వు అయ్యేదాకా అక్కడే ఉన్నాడు.